నా సిమ్ మార్చబోతే బావ ఫోన్ బందైంది

ఒక్క ఫోన్ నంబర్ మార్చబోయి నాలుగు ఊర్లకు కరెంటు లేకుండ చేసిన మనిషిని మీరు చూసిన్రా? చూడకపోతే ఇప్పుడు చూడండ్రి, మీ ముందటే కూసొని చాయ్ తాగుతున్న. నెల దాటిపోయింది, మా ఆఫీసుల ఇంకా నవ్వుడు ఆపుతలేరు. కరెంటు పోయిందంటే చాలు, అందరు నా దిక్కే చూస్తరు.

మొదటి సంది చెప్తేనే మీకు సమజ్ అయితది. నేను మక్తల్‌ల ఒక సర్కారు ఆఫీసుల జూనియర్ అసిస్టెంట్‌ను. మా అక్క పేరు మార్తమ్మ. ఆమె భర్త ఆశీర్వాదం, మా బావ, కరెంటు లైన్‌మన్. మా ఇంటోళ్లల్ల నెల జీతం మొట్టమొదట చూసింది బావనే. మా నాయిన ఇంకొకళ్ల చేన్లకు కూలికి పోయే కాలంల నన్ను పాలమూరు తోల్కపోయి కాలేజీల చేర్పిచ్చింది బావ. నాకు మొదటి ఫోన్ కొనిచ్చింది గూడ ఆయననే. తన పేరు మీద ఉన్న పోస్ట్‌పెయిడ్ కనెక్షన్‌లనే రెండో నంబర్ తీసి నా చేతుల పెట్టిండు. నెలకొక బిల్లు, అది ఆయనకే పోతది, ఆయననే కడతడు. నాకు నౌకరి వచ్చినంక నేను కడ్త అంటే, ఉండనీరా, అదెంత అనేటోడు. నేను గూడ గట్టిగ అడగలే, నిజం చెప్పాలంటే.

ఇగ మేం ఇల్లు కట్టుకున్నం. చర్చి వాళ్లందర్ని పిలిచి ఇంటి ప్రతిష్ఠ ప్రార్థన పెట్టిచ్చినం. గుమ్మానికి ఎర్ర రిబ్బన్ కట్టినం. బావ తెల్ల షర్టు ఇస్త్రీ చేయిచ్చుకొని, తలకు నూనె పెట్టుకొని, గుమ్మం ముందట కరెక్టుగ నడుమ నిలవడ్డడు. రిబ్బన్ కత్తిరిచ్చేది ఇంకెవరు, ఆయననే అని అందరు అనుకున్నరు. గప్పుడే మా ఆఫీసు పెద్దసారు కారు దిగిండు. పాస్టరు గారికి ఏం బుద్ధి పుట్టిందో, కత్తెర తీస్కపోయి సారు చేతుల పెట్టిండు. సారు కత్తిరిచ్చిండు. అందరు చప్పట్లు కొట్టిన్రు, నేను గూడ కొట్టిన. గంతే నేను చేసింది. బావ అన్నం తినకుండ వెళ్లిపోయిండు. తర్వాత అక్కతోని కబురు తోలిండు, కత్తెర పాస్టరు ఇచ్చిండని నాకు ఎర్కనే, గని అందరికంటె గట్టిగ చప్పట్లు కొట్టింది మీ తమ్ముడు అని.

అప్పటి సంది ఆయన నాతోని మాట్లాడడు, నేను ఆయనతోని మాట్లాడ. చర్చిల ఒకటే బెంచి మీద ఇటు చివర్న నేను, అటు చివర్న ఆయన. ఏడాది దాటింది. అయినా బిల్లు మాత్రం ఆయననే కడతాండు. ఆపలే, అడగలే.

ఈ ఎండకాలం ఒక దినం మా ఆవిడ సునీత అన్నం పెడుతు ఒక మాట అన్నది. "మాట్లాడనీకి బావ వద్దు. మాట్లాడే ఫోన్‌కు మాత్రం బావ బిల్లు కావాలె."

ఆమె నవ్వుకుంటనే అన్నది. నేను మాత్రం కంచం పక్కకు జరిపిన. ఆయన మెహర్బానీ ఇగ నాకెందుకు, రేపే నా నంబర్ ప్రీపెయిడ్ చేయిస్త, నా రీచార్జ్ నేనే ఏస్కుంట అని చెయ్యి కడుక్కున్న.

తెల్లారి ఆఫీసుకు పోయే ముందట బస్టాండు కాడ సాదిక్ భాయ్ మొబైల్ దుకాణానికి పోయిన. పోస్ట్‌పెయిడ్‌ను ప్రీపెయిడ్ చేయాలె భాయ్ అన్న. ఆయన కంప్యూటర్ ముందట పెట్టుకొని, బిల్లు ఏ నంబర్‌కు వస్తదని అడిగిండు. బావ నంబర్ చెప్పిన. ఆ నంబర్‌కే ఓటీపీ పోతదన్నడు. గది మనం కిరాయికి ఉన్న ఇంటి ఓనరు మీటర్ నంబర్ అసుంటిది అనుకున్న. అసలు కనెక్షన్ ఆయనది, దాని లోపల నాది, కాబట్టి పైనోనిని అడిగి కిందోనిది మారుస్తరు అని నా తెలివి.

అక్కకు ఫోన్ చేసిన. ఆమె ఫోన్ వేరే కంపెనీది, చిన్న బటన్ల ఫోన్. బావ తానానికి పోయిండు, ఆయన ఫోన్ కిటికీల ఉన్నదన్నది. నేను గొంతు తగ్గిచ్చి, దానికి ఒక మెసేజ్ వస్తది, జర గా అంకెలు చదువక్కా అన్న. ఎందుకురా అన్నది. తర్వాత చెప్త, ముందు చదువు అన్న. మా అక్క చర్చిల పాట నంబర్ చెప్పినట్టు ఒక్కొక్క అంకె ఆపి ఆపి చదివింది. నేను చెప్పుకుంట పోయిన, సాదిక్ భాయ్ కొట్టుకుంట పోయిండు. చివర్న ఆయన స్క్రీన్ నా దిక్కు తిప్పి, మార్చేది ఇదే నంబర్ గద అని అడిగిండు. గప్పుడే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, పెద్దసారు ఫైలు అడుగుతున్నడని. నేను స్క్రీన్ దిక్కు చూసిన, చూడలే. అదే భాయ్, అదే అన్న.

కొద్దిసేపటికి నెట్‌వర్క్ పోతది, పోయినంక రీచార్జ్ ఏస్తే మళ్ల వస్తది, ఫికర్ చేయకు అన్నడు సాదిక్ భాయ్.

ఆఫీసుల కూసొని పొద్దటి సంది నా ఫోన్ దిక్కే చూస్తున్న. నెట్‌వర్క్ ఎప్పుడు పోతదా అని. నిండుగ గీతలు ఉన్నయి. మధ్యల ఒక ఫోన్ గూడ వచ్చింది. ఏం కంపెనీలు ఇవి, ఒక్క పని టైంకు చెయ్యరు అని పక్క సీటాయనతోని తిట్టుకున్న. ఇంకొంచెం సేపటికి నెట్‌వర్క్ పోలే గని కరెంటు పోయింది.

ఎండకాలం మక్తల్ మీకు ఎర్కనే. ఫ్యాన్ ఆగినంక గోడలు గూడ చెమట పట్టినట్టు ఉంటది. కంప్యూటర్లు బంద్. పని మీద వచ్చినోళ్లంత వరండాల కూసొని తువ్వాలతోని విసురుకుంటున్నరు. లైన్ మీద ఏదో పని నడుస్తాంది, గంటల వస్తదని ఎవరో చెప్పిన్రు. గంట పోయింది, ఇంకొక గంట పోయింది. ఊర్లల్ల బోర్లు బంద్, పిండి గిర్నీలు బంద్. లైన్‌మన్‌కు చేస్తే కలుస్తలేదంటున్నరు. పక్క సీటాయన, లైన్‌మన్ మీ బావనే గదా, నువ్వు చేయరాదా అన్నడు. మేం మాట్లాడుకోం అని గర్వంగ చెప్పిన.

గప్పుడు అక్క ఫోన్ చేసింది. ఏడుస్తాంది.

మీకు ఒక ముచ్చట చెప్పాలె ఇక్కడ. లైన్ మీద పని చేయాలంటే లైన్‌మన్ ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఆ లైన్‌కు కరెంటు బంద్ చేపిస్తడు. పని అయినంక ఎవరు బంద్ చేపిచ్చిన్రో వాళ్లే మళ్ల చెప్పాలె. ఇంకెవరు చెప్పినా ఇయ్యరు. ఎందుకంటే స్తంభం మీద మనిషి ఉండొచ్చు. మా బావ పొద్దుగాల కాలువ అవతల ఒక లైన్ పనికి పోయిండట. పోయి కరెంటు బంద్ చేపిచ్చిండట. గంతే, మళ్ల ఫోన్ రాలే. సబ్‌స్టేషనోళ్లు చేస్తే కలుస్తలేదట.

అక్క అన్నది, "ఎవరో వేరే నంబర్ నుంచి చేసి, పనైంది కరెంటు ఇయ్యుమన్నడట. వాళ్లు ఇయ్యలేదట. తమ్మీ, మీ బావ మంచిగుంటే వేరేటోడు ఎందుకు చేస్తడ్రా?"

ఏడాది సంది మాట్లాడని మనిషి మొఖం కండ్ల ముందటికి వచ్చింది. గా తెల్ల షర్టుతోనే వచ్చింది. నువ్వు ఏడవకు అక్కా, నేను పోతున్న అని చెప్పి, పెద్దసారుకు చెప్పకుండనే బండి తీసిన.

ఊరు దాటినంక, ఎండల పోతుంటె, సాదిక్ భాయ్ స్క్రీన్ తిప్పి చూపెట్టింది యాదికొచ్చింది. మార్చేది ఇదే నంబర్ గద అన్నడు. ఏ నంబరు? నేను చెప్పింది బావ నంబర్. నా నంబర్ నేను చెప్పనే లేదు. బండి పక్కకు ఆపి నా ఫోన్ చూసిన, ఇంకా నిండుగ గీతలు. అంటే పోయిన నెట్‌వర్క్ నాది గాదు. స్తంభం మీద ఉన్నోనిది.

మీరు నవ్వుతున్నరు గని, నాకు అప్పుడు నవ్వు రాలే. ఒక దిక్కు, ఫోన్ బందైంది నా తోని, బావకు ఏం కాలేదు అని ధైర్యం. ఇంకొక దిక్కు, ఒకేళ నిజంగనే కింద పడ్డడనుకో, ఒకరికి ఫోన్ చేసి పిలుచుకునే వీలు లేకుండ చేసింది నేను. ప్రభువా, మనిషి బతికుంటే చాలు, నన్ను ఎన్ని తిట్టినా పడ్త అని మొక్కుకుంట తోలిన. ప్రభువు గా మొక్కు మాత్రం పూర్తిగ తీర్చిండు, అది తర్వాత చెప్త.

కాలువ గట్టు రోడ్డు మీద దూరంగ ఒక మనిషి నడుచుకుంట వస్తాండు. భుజానికి సామాన్ల సంచి, నెత్తికి తువ్వాల. నడక చూడంగనే గుర్తుపట్టిన. బండి ఆపిన. ఆడనే కూసొని ఏడ్సిన. బావ నన్ను దాటుకొని నడుచుకుంట పోయిండు.

బండి మలుపుకొని ఎనక పోయిన. బావా, బండి ఎక్కు అన్న. అక్క ఏడుస్తాంది అన్న. నడక జోరు చేసిండు గని ఎక్కలే. చివరికి, నాలుగు ఊర్లోళ్లు నిన్ను తిట్టుకుంటున్నరు, సబ్‌స్టేషన్ ఇంకా మస్తు దూరం ఉన్నది అన్న. గప్పుడు నిలవడ్డడు. సామాన్ల సంచి మా ఇద్దరి నడుమ పెట్టుకొని ఎనక కూసున్నడు. కటింగ్ ప్లేర్ నా నడుముకు గుచ్చుకుంటనే ఉన్నది.

కొంచెం దూరం పోయినంక ఆయననే మొదలువెట్టిండు, నాకు గాదు, గాలికి చెప్తున్నట్టు. పని అయిపోయి కిందికి దిగి ఫోన్ చేద్దమంటె ఫోన్ పని చేస్తలేదట. బండి తీద్దమంటె టైరుల తుమ్మముల్లు దిగి గాలి లేదట. గొర్లు కాసే ఆయన ఫోన్ అడిగి సబ్‌స్టేషన్‌కు చేస్తే, ఆడ కొత్తగ వచ్చిన ఆపరేటర్ ఉన్నడట. మీ గొంతు నాకు ఎర్కలేదు, మీ నంబర్ నుంచి చెయ్యండి, లేకపోతే మీరే రాండి అన్నడట. ఇగ నడక పట్టిండు. పాడు ఫోన్, రాయికేసి రెండుసార్లు కొట్టిన, అద్దం పగిలింది గని నెట్‌వర్క్ రాలే అన్నడు.

ఆయన మొఖం నాకు కనవడ్తలేదు, నా మొఖం ఆయనకు కనవడ్తలేదు. చెప్పాలంటే ఇదే మోక అనుకున్న. రోడ్డు దిక్కు చూసుకుంట మొత్తం చెప్పిన. సునీత మాట, సాదిక్ భాయ్ దుకాణం, అక్క చదివిన అంకెలు, అన్నీ.

బండి ఆపు అన్నడు.

ఆపిన. దిగిండు. సంచి తెరిచిండు. ప్లేర్ తీస్తడు, ఇగ నా పని అయిపోయింది అనుకొని తల వంచిన. ఆయన ఫోన్ తీసి, పగిలిన అద్దాన్ని అంగితోని తుడిచి, నా మొఖం ముందట పట్టిండు.

"అంటే ఇది ఖరాబ్ కాలేదు?"

కాలేదు బావా అన్న.

"మరి నేనెందుకు పగలగొట్టిన దీన్ని?"

ఆయన మళ్ల ఎక్కి కూసున్నడు. ఈసారి సంచి ఒళ్లె పెట్టుకున్నడు, అది మాత్రం నేను గుర్తుపట్టిన.

సబ్‌స్టేషన్‌ల ఆ కొత్త ఆపరేటర్ భయపడుకుంట లేచి నిలవడ్డడు. బావ ఆయన్ని ఒక్క మాట అనలే. నువ్వు చేసిందే కరెక్టు బిడ్డా, నేను గాకుండ ఎవడు చెప్పినా ఇయ్యకు అని భుజం తట్టిండు. సంతకం పెట్టి, అందరు కిందనే ఉన్నరు, లైన్ ఇయ్యి అన్నడు. దూరంగ ఊరి దిక్కు నుంచి గిర్నీ సప్పుడు మొదలైంది.

నేరుగ సాదిక్ భాయ్ దుకాణానికి పోయినం. ఆయన నా మొఖం, బావ మొఖం చూసి ఏమీ అడగకుండనే బావ నంబర్‌కు రీచార్జ్ ఏసిండు. గీతలు వచ్చినయో లేదో, ఫోన్ మోగుడు మొదలైంది. మొదటి మనిషి ఏదో ఊరి రైతు. నారు ఎండిపోతాంది, ఫోన్ బంద్ చేసుకొని యాడ పండుకున్నవ్ అని అందుకున్నడు. బావ మొత్తం వినలే. ఫోన్ నా చేతుల పెట్టి, నువ్వే చెప్పు అన్నడు.

చెప్పిన. ఆ రైతుకు చెప్పిన, తర్వాత గిర్నీ ఆయనకు చెప్పిన, ఐస్ ఫ్యాక్టరీ ఆయనకు చెప్పిన, పెండ్లి ఇంటోళ్లకు చెప్పిన. ఒక్కొక్కరికి మొదటి సంది చెప్పాలె. సగం మంది నమ్మలే. నమ్మినోళ్లు ఇంకా ఎక్కువ తిట్టిన్రు. బావ సాదిక్ భాయ్ స్టూల్ మీద కాలు మీద కాలేసుకొని కూసొని చాయ్ తాగుకుంట, గా నంబర్ ఎత్తు, అది బాగ కోపం మనిషిది, అది గూడ ఎత్తు అని చెప్తాండు. మొక్కు గట్ల తీరింది నాకు.

ఇంతల ఒక ఆటో వచ్చి దుకాణం ముందట ఆగింది. దాంట్ల నుంచి మా సునీత, అక్క, ఇద్దరు ఏడ్చుకుంట దిగిన్రు. ఏందంటే, ఈ ఆగంల బావ దొరికిండని అక్కకు చెప్పుడే నేను మర్చిన. అసలు కనెక్షన్ మారినంక దాని లోపలిది గూడ ఉండదట, సాయంత్రానికి నా నంబర్ గూడ బందైంది. బావను ఎతుకబోయిన మనిషి ఫోన్ గూడ కలుస్తలేదని, ఇద్దరికి ఏదో అయిందని, కాలువ దిక్కు పోతున్నరట ఆటో కట్టుకొని. మమ్ములను చూసి అక్క ఏడుపు ఆపింది. సంగతి వినంగనే మళ్ల మొదలువెట్టింది, ఈసారి నన్ను తిడుతు. పొద్దుగాల అంకెలు తనతోనే చదివిపిచ్చిన గద, అందుకే ఆమెకు ఇంకా కోపం.

బావ ఆమెను ఆపిండు. "వాన్ని ఏమనకు. ఇయ్యాల వాన్ని అందరు అన్నరు." ఆ మాట నా దిక్కు చూసే అన్నడు. వాళ్లు ఆటోల, మేం బండి మీద, అందరం మా ఇంటికి పోయినం. నా ఇల్లు కట్టినంక బావ అన్నం తిన్నది గా దినమే. పచ్చిపులుసు రెండుసార్లు ఏసుకున్నడు.

ఇగ నా నంబర్. అది బావ పేరు మీద ఉన్నది గాబట్టి మళ్ల రావాలంటే ఆయన దుకాణానికి వచ్చి ఫోటో దిగాలె. ఆయన రేపు వస్త అన్నడు. రేపు పోతే, స్తంభం మీద ఉన్న అన్నడు. ఎల్లుండి పోతే, పండుకున్నడని అక్క చెప్పింది. వారం దినాలు నేను మా ఆవిడ ఫోన్‌తోనే బతికిన. ఆఫీసు నుంచి పెద్దసారు చేస్తే ముందుగాల సునీత ఎత్తి, ఏం పని సార్ అని అడిగి, అవసరం అనుకుంటేనే నాకు ఇచ్చేది. చివరికి ఒక దినం బావనే వచ్చిండు, ఫోటో దిగనీకి కండ్లు ఆర్పుమంటే కోపంగ ఆర్పిండు. నంబర్ నా పేరు మీదికి మారింది. ప్రీపెయిడ్. నేను అడిగిందే అయింది. ఇగ ఎవరి మెహర్బానీ లేదు.

ఇక్కడి దాక బాగనే ఉన్నది. మొన్న ఏమైందో వినండ్రి.

రెండు దినాల సంది నాకు ఒక్క ఫోన్ రాలే. నేను బావకు చేస్తే పోతలేదు. పోయిన ఆదివారం చర్చిల నేను లేటుగ పోయి ఎనక కూసున్న, ఆయన పక్కకు పోలే. గదే మనసుల పెట్టుకున్నడు, మళ్ల అలిగిండు, నా నంబర్ బ్లాక్ చేసిండు అనుకున్న. రాత్రంత నిద్ర లేదు. ఈసారి ఏడాది దాక పోనియ్యొద్దు, నేనే పోయి కాళ్లు పట్టుకుంట అని పొద్దుగాలనే నాటుకోడి కొని, కోపిచ్చి, శుభ్రం చేపిచ్చి, సునీతను ఎక్కిచ్చుకొని అక్క ఇంటికి పోయిన. గుమ్మంలనే సంచి ముందట పెట్టి, బావా, నాది తప్పయింది, ఏం తప్పో చెప్తే దిద్దుకుంట అన్న.

బావ ఆగమాగం చూసిండు. తనే నాకు రెండు దినాల సంది చేస్తున్నడట, కలుస్తలేదట, ఏమైందో అని మా ఇంటికి రానీకి చెప్పులు ఏసుకుంటున్నడట. నా చేతుల నుంచి ఫోన్ గుంజుకొని చూసిండు.

"రీచార్జ్ ఏసినవా?"

ఏయలే. నెల అయిపోయినంక మళ్ల ఏయాలె అన్న సంగతే నాకు యాదికి లేదు. ఇన్నేండ్లల ఒక్కసారి ఏస్తే గదా.

వాపస్ పోదమని సునీత బండి కాడికి నడిచింది. ఏ తప్పు లేకుండనే తప్పయిందని చెప్పిన గద, కనీసం కోడన్న ఇస్తరేమో అని చూసిన. మా అక్క అప్పటికే పొయ్యి మీద పెట్టేసింది.